దర్జీ చెల్లెలి బీరపాదు

మా చెల్లెలు దర్జీ. పల్లెబడిలో ఐదో తరగతితో చదువు ఆగిపోయినా, మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి కొలతలు చెప్పగలదు. ఆమె కుట్టిన జాకెట్టు గుడ్డ చిరగాలే తప్ప కుట్టు ఊడదని మా వీధిలో అందరూ అంటారు. అన్నగా నేనూ తీసిపోయినవాణ్ణి కాను. నా పెరట్లో కాసిన సొరకాయను చూడటానికి పక్కవీధి నుంచి కూడా జనం వచ్చారు. తోటపని నాది, సూదిపని ఆమెది. అయినా ఇప్పుడు చెప్పేది ఆమె తోట సంగతే.

ఆమె అద్దెకుండేది మేడ మీద ఒంటిగదిలో. పగలంతా మిషను మీద వంగి కూర్చుంటే మెడ పట్టేసేది. నాలుగు ఆకులు కనబడితే కళ్ళకు చలవ అనుకుని, పాత పెయింటు డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టి, మట్టి నింపి, గది ముందు డాబా మీద పేర్చింది. ఎండల్లో తోటకూర వేసింది. తొలకరికి నేనిచ్చిన బీరగింజలు నాటింది, ఓ మూల బంతినారు పోసింది.

చిక్కల్లా ఇంటావిడతోనే. ఒకనాడు ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏమ్మా, నా కుళాయి నీళ్ళన్నీ ఈ ఆకులకేనా? కాయా లేదు, పండూ లేదు."

"కాస్తుంది పిన్నిగారూ, కాస్త ఓపిక పట్టండి."

"నా ఓపిక మెట్లెక్కడంతోనే సరిపోయింది. చలి మొదలయ్యేలోగా ఒక్క కాయ చూపించు. లేదంటే డబ్బాలన్నీ దించెయ్."

ఆ రోజు మా చెల్లెలికి అన్నం సయించలేదు. డాబా పోతే ఆమెకు మిగిలేది మిషనూ నాలుగు గోడలూ. బీరతీగేమో పందిరి తాళ్ళ మీద నిలవదు. ఆమె గుడ్డపేలికలతో కట్టడం, గాలికి అది జారిపడటం, పడ్డప్పుడల్లా మొగ్గలు రాలిపోవడం. చివరికి నాకు కబురు చేసింది.

నేను వెళ్ళేసరికి తీగ పక్కన నిలబడి, చిన్న కత్తెరతో ఏదో టకటకా కత్తిరిస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"వేలాడే పోగులు తీసేస్తున్నా అన్నయ్యా. ఎంత కత్తిరించినా మళ్ళీ వస్తున్నాయి, దిక్కుమాలినవి!"

వంగి చూద్దును కదా, కింద నులితీగల కుప్ప! తాళ్ళను చుట్టి పట్టుకోవలసిన ఆ సన్నటి తీగల్ని, కుట్టిన జాకెట్టుకు మిగిలిన దారాల్లా రోజూ నున్నగా కత్తిరించేస్తోంది.

"ఒసే పిచ్చిదానా, అవి పోగులు కావే, దాని చేతులు! చేతులు నరికేసి, పందిరెక్కడం లేదని ఏడిస్తే ఎలా?"

ముందు తెల్లబోయింది. తర్వాత రోషం వచ్చింది. "మరి గింజలిచ్చిన రోజు ఈ ముక్క చెప్పలేదేం, గురువుగారూ?"

"నువ్వు బీరపాదుకు క్షౌరం చేస్తావని నేను కలగన్నానా?"

ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఆనాటి నుంచి కత్తెరను గదిలోనే వదిలి డాబా మీదికి వెళ్ళేది. అదేమీ తేలిక కాలేదు. వేలాడే పోగు కనబడితే ఆమె వేళ్ళు ఊరుకోవు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదట. తీగ తాడందుకుంది, చుట్టుకుంది, పందిరెక్కింది. సాయంత్రాలు పసుపు పూలు విచ్చాయి. చలిగాలి తిరిగేసరికి ఆకుల చాటున పిందెలు దిగాయి.

ఇంటావిడ మళ్ళీ వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ ఓ కాయను పట్టుకుని, ఈనెలు తడిమి చూసింది.

"లేతగానే ఉంది," అంది. బంతిపూల దాకా నడిచి వెనక్కి తిరిగింది. "ఈ బీర అయిపోయాక ఏం వేస్తావు?"

"కొత్తిమీర వేద్దామని... డబ్బాలు ఉంచుకోమంటారా పిన్నిగారూ?"

"ఉంచకపోతే నేనేం కోసుకోను? పైపొకటి తెచ్చుకో. బకెట్లతో మోసి నా మెట్లన్నీ బురద చేస్తున్నావు."

మా చెల్లెలు కాయ కోసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ మెట్ల మలుపు తిరగకముందే విత్తనానికి ధనియాలు తెచ్చి, నేల మీద పోసి బద్దలుగా నలపడం మొదలుపెట్టింది.