హాలండు చుట్టాలు

ఇమ్మానియేలు మాస్టారికి ఒకరి ముందు నోరు తెరిచి అడగడం చేతకాదు. బస్సులో కండక్టరు చిల్లర ఎగ్గొడితే కిక్కురుమనకుండా దిగిపోయే మనిషి. అలాంటివాడు ముక్కూ మొహం తెలియని తెల్లవాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి విరాళాలు అడుగుతూ బతికాడంటే, అదంతా వీరమ్మ నోటి చలవ.

సత్తెనపల్లి దాటాక మిరపచేల మధ్య ఉన్న ఒక క్రైస్తవపేట వాళ్ళది. అందరూ కూలి జనమే. ఉన్నదల్లా మిషను వాళ్ళ ఎలిమెంటరీ స్కూలు, అందులో మాస్టారు ఈయన. అయిదో తరగతి అవగానే ఆడపిల్లల చదువు సరి, మర్నాటి నుంచి తల్లుల వెంట కాయల కోతకు. ఒకరోజు వీరమ్మ స్కూలు గుమ్మంలోకే వచ్చి నిలదీసింది.

"పెద్దదాన్ని ఎట్టాగూ పొలానికి తోలాను మాస్టారూ. మా రెబ్కా బాగా చదువుద్దని మీరే అంటిరి. హైస్కూలు పక్కూళ్ళో ఉండె. అది చదువుకుంటా కూర్చుంటే దానికి కూడెవరు పెడతారు? చదువు చెప్పి చేతులు దులుపుకుంటే అయిపోయిందా?"

 ఆ ఆదివారం మాస్టారు పాస్టరుగారి గోడ మీద వేలాడుతున్న విదేశీ క్యాలెండరు వెనక ఉన్న చిరునామాలన్నీ రాసుకుని, సత్తెనపల్లి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని ఒక్కొక్క అక్షరమే పొడుచుకుంటూ అందరికీ ఉత్తరాలు కొట్టాడు. హాలండు దేశం నుంచి ఒక చర్చివాళ్ళు మాత్రం జవాబు రాశారు. అలా చర్చి వెనక పెంకుల షెడ్డులో ఆడపిల్లల హాస్టలు మొదలైంది. రెండు పూటలా అన్నం, హైస్కూలు ఫీజు, రాత్రికి లాంతరు వెలుగు. ఇంతకంటే ఏమీ లేదు, అయినా పేటలో అంతకుముందు ఇంత కూడా లేదు.

ఏటా క్రిస్మసుకు ముందు ఒక్కో పిల్లను ఫొటో తీయించి, ఎత్తు, తరగతి, ఇష్టాలు రాసి హాలండుకు పంపాలి. అక్కడ ఒక్కో కుటుంబం ఒక్కో పిల్లను చదివిస్తుంది. గుంటూరులో ఇలాంటి సంస్థే నడిపే ఒక పెద్దమనిషి మాస్టారికి కిటుకు చెప్పాడు. "పిల్లల్ని నవ్వనీయకండి మాస్టారూ. తల దువ్వకండి. నవ్వే మొహం చూసి ఎవడూ డబ్బు పంపడు." మాస్టారికి ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి పిల్లలందరికీ తలంటించి, రిబ్బన్లు కట్టించి, నవ్వండర్రా అని మరీ ఫొటోలు తీయించాడు. ఆ ఫొటోలకే ఇన్నేళ్ళూ డబ్బు వచ్చింది. అందుకే ఆయన లోకం మంచిదనుకున్నాడు, పిచ్చి మాలోకం.

తెల్లదోమ పత్తిని నాకేసిన ఏడు హాలండు వాళ్ళతో ఒప్పందం కూడా ముగింపుకొచ్చింది. పత్తి పోయేసరికి పత్తి తీసే కూలి లేదు, పేటలో సగం ఇళ్ళలో ఒంటిపూటే పొయ్యి వెలిగేది. హాస్టలు లేకపోతే రెబ్కా తొమ్మిదితోనే ఆగిపోతుంది. పేటలో పదో తరగతి మెట్టు ఎక్కబోయే మొదటి ఆడపిల్ల అది. హాలండు నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చి, కళ్ళారా చూసి, సాయం కొనసాగించాలో లేదో తేలుస్తామని రాశారు.

మాస్టారు చర్చిలో ఆడవాళ్ళను కూర్చోబెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళొచ్చేనాడు ఏ ఆర్భాటమూ వద్దమ్మా. కోత నుంచి ఎట్టా వస్తారో అట్టాగే రండి. ఉన్నది ఉన్నట్టు చూస్తేనే..."

వీరమ్మ లేచి నిలబడింది. "ఏంది మాస్టారూ ఆ మాట! మన బిడ్డలకి ఇన్నేళ్ళు అన్నం పెట్టినోళ్ళు. సముద్రాలు దాటి మన గడప తొక్కుతుంటే చినిగిన చీరలు చూపించమంటారా? పరువు తక్కువ!"

ఆడవాళ్ళంతా అవునంటే అవునన్నారు. మాస్టారికి ఆ మాట అన్నందుకే సిగ్గేసింది. గుంటూరు పెద్దమనిషిలాగా తయారయ్యానేమిటి అనుకున్నాడు.

ఇక చూడాలి పేట! గోడలకు సున్నాలు, వాకిళ్ళలో ముగ్గులు. పెట్టెలో పెళ్ళిచీర ఉన్నవాళ్ళు అది తీశారు, లేనివాళ్ళు అరువు తెచ్చుకున్నారు. గాజుల కరీమున్ అందరికీ చేతుల నిండా గాజులు తొడిగి, డబ్బులు తర్వాత ఇద్దురుగానిలే అంది. మిరపతోటల ఆసామి బుల్లయ్యగారు, ఊరి మర్యాద పోకూడదని, సోఫా కుర్చీలూ స్టీలు కంచాలూ పంపాడు, తన జీపు కూడా ఇచ్చాడు. వీరమ్మ వాకిట్లో మేకపిల్లంత పుంజు ఒకటుండేది. అదీ కూరైపోయింది.

దొరా దొరసానీ జీపు దిగారు. కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు చూసి దొరసాని ఆనందం పట్టలేక ఫొటోలు తీసుకుంది. అవి ఎవరి కాయలని ఆవిడ అడగలేదు. గారెలు, కోడికూర, గోంగూర, గడ్డపెరుగు. కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఇష్టంగా తిన్నారు. చేతులు కడుక్కున్నాక దొర అసలు ప్రశ్న అడిగాడు. మీకు ఇంకా ఏం కావాలి, దేనికి ఇబ్బంది పడుతున్నారు అని. మాస్టారు తెలుగులో చెప్పాడు.

వీరమ్మ కొంగు నిండుగా కప్పుకుంది. "మాకేం లోటండీ? దేవుడి దయవల్ల అంతా బాగానే ఉంది. మీరు వచ్చారు, మా చేతి ముద్ద తిన్నారు. అదే పదివేలు."

తిన్న కంచం ముందే చుట్టం దగ్గర లేమి ఏకరువు పెట్టడం ఆ తల్లులకు చావుతో సమానం. మాస్టారికి ఆ సంగతి తెలుసు. ఈ మాట ఉన్నదున్నట్టు చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆమె మాట మార్చి ఒక్క అబద్ధం చెబితే చాలు, ఇంగ్లీషు తెలిసినవాడు అక్కడ ఇంకొకడు లేడు. కానీ తలెత్తుకుని కూర్చున్న ఆ ఆడవాళ్ళ మొహాలు చూస్తూ, వీళ్ళు ఆకలితో చస్తున్నారండీ అని చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. వీరమ్మ అన్నది అన్నట్టే చెప్పాడు. దొరసాని ఆమెను కావలించుకుంది.

ఏప్రిల్లో జవాబొచ్చింది. ఎంత సంతోషంగా రాశారో! మీ పేట సొంత కాళ్ళ మీద నిలబడటం కళ్ళారా చూశాం, ఇది మనందరి విజయం, మా సాయం ఇకమీదట కరువుతో అల్లాడుతున్న ఆఫ్రికా పిల్లలకు వెళుతుంది, మీరూ సంతోషిస్తారని తెలుసు అని. పోస్టాఫీసు అరుగు మీదే కూర్చుని తిరుగు జవాబు మొదలుపెట్టాడు మాస్టారు.

జన్మలో మొదటిసారి బతిమాలుతూ రాశాడు. చీరలు అరువువి, కుర్చీలు ఆసామివి, మిరపకాయలూ ఆయనవేనని రాశాడు. తీర్మానం అయిపోయింది, మీరు మా దగ్గర నిజం దాచినందుకు బాధపడుతున్నాం అని రెండు ముక్కల్లో తేల్చేశారు. గుంటూరులో తెలిసిన గుమ్మాలన్నీ ఎక్కి దిగాడు. కాఫీ ఇచ్చినవాళ్ళున్నారు.

జూన్‌లో హైస్కూలు తెరిచారు, హాస్టలు తలుపు మాత్రం తెరవలేదు. తల్లులంతా చర్చి దగ్గర చేరారు. వీరమ్మ మాస్టారి దగ్గరగా వచ్చింది. ఆ గొంతులో ఎప్పటి జోరు లేదు.

"కూరలో కారం ఎక్కువైందా మాస్టారూ? దొరసానమ్మకి కళ్ళెంట నీళ్ళు కారినయ్. నేను చేసిన కూరకేనా వాళ్ళకి కోపమొచ్చింది? మేమేం తక్కువ చేశాం?"

తక్కువ కాదమ్మా, ఎక్కువ చేశారు అని ఏ నోటితో చెబుతాడు? చెబితే ఆ మనిషి బతికినన్నాళ్ళూ తనను తాను తిట్టుకుంటుంది.

"నీ కూరకేం వీరమ్మా, ఇప్పటికీ చెప్పుకుంటున్నారంట. వాళ్ళ దేశంలోనే రోజులు బాగాలేవు. పంటలు పోయినయ్యంట. వాళ్ళకే జరగడం లేదు," అన్నాడు. చెప్పాల్సిననాడు నోటికి రాని అబద్ధం ఇప్పుడు గడగడా వచ్చింది.

"అయ్యో పాపం," అన్నారు ఆడవాళ్ళు.

ఆ పేటలో ఎసరు పెట్టినప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుడి పేరున విడిగా దాస్తుంది. ఆదివారం తెచ్చి చర్చిలో పోస్తారు, వాటిని అమ్మిన డబ్బు చర్చి ఖర్చులకు. ఒంటిపూట వండుకునే రోజుల్లో కూడా ఆ పిడికెడు మానలేదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు బియ్యం గోతాన్ని మాస్టారి ముందు పెట్టించారు. వీరమ్మే మాట్లాడింది.

"ఇవి అమ్మి ఆ హాలండోళ్ళకి పంపండి మాస్టారూ. మన పిల్లలకి ఇన్నేళ్ళు పెట్టారు. వాళ్ళ పిల్లలు పస్తులుంటే చూస్తా కూర్చోం గదా."

 వద్దనాలంటే మాస్టారు నిజం చెప్పాలి. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. కళ్ళు తుడుచుకుని తలూపాడు.

రెబ్కా వచ్చి పక్కన నిలబడింది. "మాస్టారూ, వాళ్ళకి ఉత్తరం రాసేటప్పుడు నా మాట కూడా రాయండి. రేపటి నుంచి గుంటూరు కొట్లో మిరపకాయల తొడిమలు తియ్యడానికి పోతున్నా. మొదటి కూలి రాగానే నేనూ కొంత పంపుతానని రాయండి."

"రాస్తానమ్మా," అన్నాడు మాస్టారు.