ఫ్రిజ్‌లో పెట్టిన ట్రైపాడ్ హెడ్డు

మా వీడియో షాపు ఓనరు లండన్ వెళ్తూ నా చేతిలో ఒక అట్టపెట్టె పెట్టి, "నేను తిరిగొచ్చేలోపు ఇది బాగుందో లేదో తేల్చి చెప్పు" అన్నాడు. ఎండలు ముదిరేసరికి కువైటీలు ఇళ్లకు తాళాలేసి చల్లటి దేశాలకు పోవడం అక్కడ మామూలే. ఆయన వెళ్లిన కొన్నాళ్లకు ఇరాక్ సైన్యం వచ్చింది. ఆయన తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. నేను మాత్రం చెప్పిన పని చెప్పినట్టు చేశాను. ఇది గొప్ప కోసం రాయడం లేదు. ఆ రోజుల్లో అక్కడ నాకు వేరే పనేమీ లేదు.

పెట్టెలో ఉన్నది ట్రైపాడ్ హెడ్డు. అంటే మూడుకాళ్ల స్టాండు మీద, వీడియో కెమెరా కింద బిగించే తల. మామూలు హెడ్డయితే కెమెరాను పక్కకు తిప్పినప్పుడు గరగరమని కుదుపులతో తిరుగుతుంది. దీని లోపల చిక్కటి నూనె ఉంటుంది కాబట్టి ఫ్లూయిడ్ హెడ్ అంటారు. తిప్పితే పేరిన నేతిలో గరిటె తిప్పినట్టు ఉండాలి. కువైట్ పెళ్లి విందుల్లో మగవాళ్లు హాలు చుట్టూ సోఫాల్లో వరసగా కూర్చుంటారు. ఆ వరసంతా ఒక్క ఊపులో చూపించాలి, ఒక్క ముఖం వదలకూడదు, ఎవరి మీదా కాస్త ఎక్కువసేపు నిలవకూడదు. నిలిస్తే మిగతా చుట్టాలకు కోపాలొస్తాయి. మా షాపు బతుకంతా ఆ తిప్పుడు మీదే నడిచేది. పెద్ద హెడ్లు మోయలేక మా భుజాలు పడిపోతున్నాయి. ఇదేమో టిఫిన్ డబ్బా అంత లేదు. పనికొస్తుందంటే మరికొన్ని తెప్పిద్దామని ఓనరు ఆలోచన.

నాకీ పని అప్పగించడానికి కారణం ఉంది. నాది కోనసీమ. పెళ్లిభోజనంలో నేతి బొట్టు దగ్గర్నుంచీ వంకలు పెట్టడం చిన్నప్పుడే అలవాటైంది. ఆ అలవాటుకు జీతమిచ్చిన మొదటి మనిషి మా ఓనరే.

టెస్టింగు కోసమని హెడ్డునూ, షాపులో పాత కెమెరా ఒకదాన్నీ రిగ్గైలోని నా గదికి తెచ్చుకున్నాను. అలా అవి దక్కాయి. సైన్యం దిగిన వారంలో షాపులో ఏం మిగిలిందో చూద్దామని వెళ్తే షట్టర్ కూడా మిగల్లేదు. గదికొచ్చి, మంచం మీద కూర్చుని, పరీక్ష మొదలుపెట్టాను.

మొదటి లోపం అప్పుడే దొరికింది. కెమెరా బరువుకు హెడ్డు ముందుకు తూలి నేల చూపులు చూస్తోంది. దానికి మర బిగించుకోవచ్చు, సరే. రెండోది అసలైన జబ్బు. పక్కకు తిప్పి ఆపి, హ్యాండిల్ వదిలామంటే, హెడ్డు ఆపిన చోట నిలవదు. పోయిన దారిలోనే కొంచెం వెనక్కి వస్తుంది. పెళ్లికొడుకు మీద ఆపితే పక్కనున్న మేనమామ భుజం మీదికి జారుతుంది. ఇలాంటి హెడ్డుతో పెళ్లి తీస్తే మేనమామ సంతోషిస్తాడు గానీ మా ఓనరుకు డబ్బులివ్వరు. ఎన్నిసార్లు తిప్పినా అదే వరస. పక్క గదిలో ఉండే ఎలక్ట్రీషియన్, మా అమలాపురం వైపు మనిషి, తలుపు దగ్గర నిలబడి నన్ను చూసి బుగ్గలు నొక్కుకున్నాడు.

"ఆయ్, బయట ట్యాంకులు తిరుగుతుంటే మీరిక్కడ కెమెరా తిప్పుతున్నారేటండీ?"

"ట్యాంకులు ఆగినచోట ఆగుతున్నాయి. ఇదే ఆగడం లేదు" అన్నాను.

ఆ మనిషే నా పరీక్షకు అసలైన పని తెచ్చిపెట్టాడు. బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోయే బస్సులో అతనికి చోటు దొరికింది. ఫోన్లు తెగిపోయాయి, ఉత్తరాలు లేవు, మా బిల్డింగులో ఉన్న కోనసీమ, కడప వాళ్లలో ఎవరు బతికున్నారో ఎవరింట్లోనూ తెలియదు. అతని దగ్గర వాళ్ల చెల్లెలి పెళ్లి క్యాసెట్టు ఉంది. అప్పగింతల తర్వాత టేపు కాస్త ఖాళీగా మిగిలింది. అందరినీ వరసగా నిలబెట్టి ఆ ఖాళీలో తీస్తే, దార్లో సైనికులెవరైనా వేసి చూసినా పెళ్లే కనిపిస్తుంది. ఊరు చేరాక కాపీలు తీయించి కోనసీమకూ కడపకూ పంపుతానన్నాడు. టేపు కొంచెమే కాబట్టి ఒక్క తిప్పుడులో అందరూ పట్టాలి. ఇలాంటి పనికే కదా హెడ్డు చేసిందని నాకూ హుషారు పుట్టింది.

ఆ సాయంత్రం నా గదికి ఒకామె వచ్చింది. సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి మామా, బాబా, అంటే యజమానురాలూ యజమానీ, పిల్లల్ని కార్లో వేసుకుని సౌదీ వైపు ఎడారిలోకి పోతూ, ఈమెకు ఇంటి తాళాలిచ్చి, పిల్లికి తిండి పెట్టమని చెప్పి పోయారు. పాస్‌పోర్టు మాత్రం ఇవ్వలేదు. షువైఖ్ గ్యారేజీలో పనిచేసే వాళ్ల పెద్దమ్మ కొడుకు, వరసకు అన్న, వెళ్లి ఆమెను మా బిల్డింగుకు తీసుకొచ్చాడు. వాళ్లది రాజంపేట వైపు.

"అన్నా, నా బిడ్డకు ఇనపడదు, మాట రాదు" అంది, నిలబడే. "అందురూ టేపులో మాట్లాడి ఇండ్లకు పంపుకుంటాంటే నేను ఊరికే కూసోనుంటి. దీంట్లో మనిషి కనపడతాది గదా?"

"కనపడతావమ్మా."

"చేతులు గూడా?"

చేతులెందుకన్నాను. ఎడమ అరచేయి కంచంలా పట్టి, కుడిచేతి వేళ్లతో అందులో లేని అన్నం కలిపి, ముద్ద చేసి, నా వైపు చాపింది. చెప్పొద్దూ, నా నోరు కొంచెం తెరుచుకుంది.

"దూరాన ఆడుకుంటాన్నా, ఇట్ల చూపిస్తే పరిగెత్తుకోనొచ్చి నోరు తెరుస్తాది. నేనొచ్చేటప్పుడు మూడేండ్లు దానికి. నా మొగం గుర్తుండాదో లేదో, ఇది మాత్రం మర్సిపోదు." చాపిన చెయ్యి దించి, మళ్లీ అందుకుంది. "ఇప్పుడు మా యక్కోళ్లింట్లో అందురూ నాకోసరం ఏడుస్తాంటారు. అది సూస్తాంటాది. దేనికేడుస్తాండారో దానికెట్ల తెలస్తాదన్నా? అమ్మ ఉండాదని దానికెవురు సెప్తారు?"

మిగతా పిల్లలకు మీ అమ్మ బాగుందంట అని ఎవరో ఒకరు చెబుతారు, ఈ పిల్లకు చూపించాల్సిందే. "నీ దగ్గరికొచ్చినప్పుడు కెమెరా ఆపుతాను. నెమ్మదిగా, చేతులు బాగా ఎత్తి చెయ్యి" అన్నాను. గుండె మీద చెయ్యేసుకుని సరేనంది.

కెమెరా బయట కనబడితే ఖలాస్, మనిషి మిగలడు. అందుకని బిల్డింగు కింద కార్లు పెట్టే చోట తీద్దామనుకున్నాం. ముందుగా సరి చూద్దామని దిగాను. ఏసీ గదిలో దొరగారిలా తిరిగిన హెడ్డు, ఆ ఆగస్టు ఉక్కలోకి రాగానే నూనె పల్చబడి, చిటికెనవేలు తగిలినా గిర్రున తిరిగింది. ఇలా అయితే ముఖాలన్నీ చెరిపేసినట్టు వస్తాయి. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. తర్వాత పైకెళ్లి, ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీసి బయట పెట్టి, ఆ చోట్లో హెడ్డు పెట్టాను.

పెరుగు పులిసిపోయింది. గదిలో వాళ్లంతా నా మీద లేచారు. "రేపు దానికి ముద్దపప్పు కూడా వండేత్తారేటండీ?" అన్నాడు ఎలక్ట్రీషియన్. ఎవరేమన్నా మందు పనిచేసింది. చల్లబడ్డ హెడ్డు కిందికి దించాక కూడా కాసేపు వెన్నలా తిరిగింది. అయితే నూనె గట్టిపడేసరికి వెనక్కి వచ్చే జబ్బు మాత్రం ఇంకా ముదిరింది. పరవాలేదు, చివరి మనిషి దగ్గర హ్యాండిల్ వదలకుండా పట్టుకుంటే చాలనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ గోడవారగా నిలబెట్టాను. మగవాళ్లంతా గడ్డాలు గీసుకొచ్చారు. ఆ వేడిలో ఒకాయన కోటు తొడుక్కుని దిగాడు, ఇంట్లో వాళ్లు బాగున్నాడనుకోవాలట. కోనసీమ వాళ్లు ముందు, కడప వాళ్లు తర్వాత. చివర్లో ఆమె, ఆమె పక్కన వరస చిట్టచివర వాళ్లన్న. ముఖాలు పెద్దగా రావాలని దగ్గరికి జూమ్ చేసి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తెచ్చిన హెడ్డు మీద కెమెరా బిగించి, బటన్ నొక్కాను.

నా చేతితో నేను తిప్పిన తిప్పుడుల్లో అంత మంచిది ఇంకొకటి లేదు. కోటాయన చెమట కూడా ముచ్చటగా వచ్చింది. ఆమె దగ్గరికి రాగానే ఆపి, హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. ఆమె కదల్లేదు. చేతులు పక్కలకు అంటుకుపోయాయి. కళ్లు కెమెరా గాజులోకి గుచ్చి అలాగే నిలబడింది. "ఊఁ, కానీ చెల్లెమ్మా" అన్నాను. ఊహూఁ. ఇంతలో వీధిలో లారీ వచ్చి మా గేటు ముందు ఆగిన చప్పుడైంది.

సైనికుల లారీయే అనుకున్నాం. నేను కెమెరాను చివరి మనిషి మీదికి తిప్పేసి, హ్యాండిల్ వదిలేసి, గేటు సందులోంచి చూడ్డానికి పరిగెత్తాను. వచ్చింది నీళ్ల ట్యాంకరు. దాని డ్రైవర్ని అక్కడే చంపాలనిపించింది. తిరిగొచ్చేసరికి వెనక వాళ్లన్న ఆమెను కోప్పడుతున్నాడు.

"ఇప్పుడెందుకు చేస్తాండావు మే? అయిపాయ గదా!"

కెమెరా టేపు చివరికొచ్చి తనంతట తనే ఆగిపోయింది. మళ్లీ తీయడానికి అంగుళం లేదు. ఎలక్ట్రీషియన్ బస్సుకు వేళయిందని గోల పెడుతున్నాడు. క్యాసెట్టు తీసి ఇచ్చేశాను, వేసి చూసుకునే వ్యవధి కూడా లేదు.

"అయిపోయిందా అన్నా?" అని ఆమె ఒక కారు చక్రం పక్కన కూలబడింది. "కెమెరా సూస్తానే చేతులు రాకపాయ. అందురూ పోయినారు దాంట్లో. నేనొక్కదాన్నే గుంజ మాదిరి పోతి. నా బిడ్డకు గుంజను పంపిస్తి కదన్నా!"

కుళ్లికుళ్లి ఏడ్చింది. ఆ ఏడుపు నేను చాలాకాలం మర్చిపోలేదు. నేను పైకెళ్లి పెరుగు గిన్నె మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాను.

తర్వాత మేమూ ఒక్కొక్కరం బయటపడ్డాం. కెమెరాను ముందే ఎవరో లాక్కున్నారు. హెడ్డు మాత్రం నా బట్టల సంచిలోనే ఉంది. దార్లో ఒక చెక్‌పోస్టు దగ్గర సైనికుడు దాన్ని బయటికి తీసి, ఇటూ అటూ తిప్పి, వదిలాడు. అది వెనక్కి వచ్చింది. మళ్లీ తిప్పి వదిలాడు, మళ్లీ వచ్చింది. "ఖర్బాన్" అని నా మీదికి విసిరేశాడు. పాడైపోయిందట. కువైట్ మొత్తమ్మీద మా ఇద్దరి అభిప్రాయం కలిసింది అక్కడొక్కచోటే.

యుద్ధం ముగిశాక మా ఓనరు మళ్లీ కబురు పెడితే వెళ్లాను. పొగ పట్టి నల్లబడ్డ గోడల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి, కుశలప్రశ్నలయ్యాక, "ఆ హెడ్డు సంగతేంటి?" అన్నాడు. ముందుకు తూలుతుంది, వేడికి ఆగదు, చల్లబెడితే వెనక్కి వస్తుంది అని ఒప్పజెప్పాను. "ఖలాస్, తెప్పించొద్దు" అన్నాడు.

షాపుకు సున్నం వేయించి, అక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు ఇఖామాకు కావలసిన ఫొటోలతో పని మొదలుపెట్టాం. ఒకరోజు ఆమె వచ్చింది. కొత్త కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కొత్త ఇల్లు, కొత్త ఇఖామాకు ఫొటో కావాలి. నన్ను చూడగానే నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పాప బాగుందా అని అడగడానికి కూడా ధైర్యం చాలక, స్టూలు చూపించి కూర్చోమన్నాను. కూర్చుని తనే చెప్పింది.

"నేనింగా అమ్మాన్ కాడ గుడారాల్లో ఉన్నప్పుడే క్యాసెట్టు రాజంపేటకు పోయిందంటన్నా. టీవీ ఉండే ఇంట్లో అందురూ కూసోనినారంట. ముందు ఎవురిదో పెండ్లి. అది అయినంక మీ కోనసీమోళ్లు, ఆ కోటాయన. ఆమైన నా మొగం వచ్చిందంట. ఆడోళ్లందురూ ఒకటే ఏడుపు. నా బిడ్డ మాత్రం ఆడోళ్ల తట్టే సూస్తాందంట. నా మొగం అదిగో అని చూపించినా గుర్తు పట్టలేదంట."

నేను కెమెరా వెనక తల దించుకున్నాను.

"తర్వాత మాయన్న వచ్చినాడంట. ఆడ ఆగిపోయి, మళ్ల బొమ్మ రవ్వంత ఎనక్కొచ్చిందంట. మాయన్న సగం, నేను సగం. నా మొగం తెగిపోయిందంట, చేతులు మటుకు ఉండాయంట. నువ్వు గేటు కాడికి పోయినావు గదా, అప్పుడు నాకు చేతులొచ్చినాయన్నా. నామీద నాకే కోపమొచ్చి, ఇంతే గదా, దీనికే గదా బిగుసుకపోతి అని అన్నం కలుపుతాంటి, ముద్ద చాపుతాంటి, మళ్ల కలుపుతాంటి. మాయన్న తిట్టేదాంకా."

నేను వదిలేసిన హెడ్డు వెనక్కి జారి, కెమెరా బరువుకు ముందుకు తూలి, ఆమె చేతుల దగ్గర నిలిచింది. టేపు అయిపోయేదాకా అక్కడే ఉంది.

"పాప?" అన్నాను.

"లేసి టీవీ కాడికి పోయి నోరు తెరిచిందంటన్నా. మా యక్క లోపలికి పోయి నిజెంగానే అన్నం కలుపుకోనొచ్చి పెడితే తినలేదంట. బొమ్మ పోయినంక గూడా టీవీ తట్టే నోరు తెరుచుకోని నిలబడుకోనుందంట."

ఆమె కళ్లు తుడుచుకుని, పైట సర్దుకుని, ఫొటోకు నిటారుగా కూర్చుంది. కదలొద్దన్నాను. ఆమె కదల్లేదు. నేను బటన్ నొక్కాను.