బోర్డు పడకముందే కొన్న ఇల్లు

మేముంటున్న ఇంటి గేటుకి "ఇల్లు అమ్మబడును" అన్న బోర్డు ఏనాడూ వేలాడలేదు. గుంటూరు చివర, ఒకప్పటి పత్తి చేలను ప్లాట్లు కొట్టి వేసిన కాలనీ మాది. ఇక్కడ ఇళ్లు చేతులు మారుతూనే ఉంటాయి గాని బోర్డులు కనపడవు. ఒకరు అమ్మాలనుకుంటారు, కావలసినవాళ్లకు కబురు అందుతుంది, రిజిస్ట్రేషన్ అయిపోయాక మిగతా జనానికి తెలుస్తుంది. మా చుట్టాలు వచ్చినప్పుడల్లా గదులన్నీ తిరిగి చూసి, "బోర్డు పడకముందే పట్టారు, అదృష్టవంతులు" అంటారు. కాఫీ పెడతానని నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.

ఈ ఇల్లు అమ్ముతున్నారని నాకు చెప్పింది మా స్కూల్లో లెక్కల టీచరు. నేను తెలుగు చెప్పేదాన్ని. మా హైస్కూలు ఊరికి దూరంగా మిరప తోటల మధ్య ఉండేది. పొద్దున్నే ఇద్దరం ఒకే షేర్ ఆటో ఎక్కేవాళ్లం. ముందు వచ్చినవాళ్లు పక్క సీట్లో బ్యాగు పెట్టి రెండోవాళ్లకు చోటు ఉంచాలి. ఏడేళ్లు అలాగే తిరిగాం. ఒక ఏడాది నాకు టైఫాయిడ్ వచ్చి నెల రోజులు లేవలేదు. పదో తరగతి పిల్లలు వెనకబడిపోతారని ఆమె గైడు చేతిలో పట్టుకుని నా క్లాసులు కూడా తీసుకుంది. లెక్కల టీచరు సవర్ణదీర్ఘ సంధి చెప్పిందని పిల్లలు ఏడాదంతా చెప్పుకుని నవ్వుకున్నారు.

ఆమెది దర్శి వైపు. తల్లి మిరప కోతలకూ పత్తి తీతకూ కూలికి వెళ్లి ఆమెను చదివించింది. పెళ్లి చేసుకోలేదు. తల్లీ కూతుళ్లిద్దరే ఈ ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్లు. ఆదివారం తల్లికి తెల్లచీర కట్టించి, చేయి పట్టుకుని నెమ్మదిగా మెట్లు దించి చర్చికి తీసుకెళ్లేది. తల్లి పోయేలోపు సొంత ఇంట్లో ఉంచాలన్నది ఆమె కోరిక. రెండేళ్ల నుంచి ఇల్లు వెతుకుతోంది. ఆటోలో నా పక్కన కూర్చునే ఫోన్లు చేసేది. అవతలివాళ్ల మాటలు నాకూ వినపడేవి.

"ఇల్లు ఉందండీ, రండి అంటారు. తర్వాత ఇంటిపేరు అడుగుతారు. ఆ తర్వాత, మా తమ్ముణ్ణి అడిగి చెప్తామంటారు. ఈ గుంటూర్లో ఇంతమందికి తమ్ముళ్లున్నారని నాకు తెలీదు" అని నవ్వేది.

నేనూ నవ్వేదాన్ని. మేమూ అప్పుడు ఇల్లు వెతుకుతున్నాం. ఆ సంగతి ఆమెకు తెలుసు. కాని మమ్మల్ని ఇంటిపేరు అడిగినప్పుడు తమ్ముళ్లెవరూ అడ్డు రాలేదు. మాకు నచ్చిన ఇల్లు దొరకలేదు, అంతే.

ఒక సోమవారం ఆటో ఎక్కగానే ఆమె నా చేయి పట్టుకుంది.

"ఓనరుగారు ఇల్లు అమ్మేస్తున్నారు. అమ్మగారికి మోకాళ్ల ఆపరేషనైంది కదా, విజయవాడలో కూతురు దగ్గర అపార్ట్‌మెంటు చూసుకున్నారట. బోర్డు పెట్టకముందే నాకో మాట చెప్పండి, నేనే తీసుకుంటానన్నాను. ఆలోచిద్దాంలే అన్నారు. బ్యాంకులో లోను కూడా అడిగాను, వస్తుందన్నారు."

"మంచిదేగా" అన్నాను.

"మంచిదే. కాని ఆలోచిద్దాం అన్నప్పుడు ఆయన నా మొహం చూళ్లేదు." కాసేపు బయటికి చూసి, "నువ్వొకసారి వాళ్లతో మాట్లాడవా? నువ్వు చెప్తే వింటారు. మీవాళ్లే కదా" అంది.

తప్పకుండా మాట్లాడతానన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. కనీసం ఆటో దిగేదాకా అది నిజం.

ఆ వారమంతా ఆ ఇల్లే నా కళ్లలో ఉంది. ఆమెను చూడ్డానికి ఎన్నోసార్లు వెళ్లాను గనక ఇల్లంతా తెలుసు. తూర్పు వాకిలి, కొబ్బరిచెట్టు, పెద్ద వంటిల్లు, తియ్యటి బోరు నీళ్లు. మా ఆయన మిరప కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. సాయంత్రం ఇంటికి రాగానే ఆయనకు చెప్పాను. చెప్పినప్పుడు, "పాపం, తనకు దొరికితే బాగుండు" అని కూడా అన్నాను. ఆయన భోంచేస్తూ, "వాళ్లు ఆవిడకు అమ్మరు, నీకూ తెలుసు. ఎవరో ఒకరు కొనుక్కుంటారు. ఆ ఎవరో మనమే అయితే ఏం?" అన్నాడు. నేను కసురుకున్నాను. కసురుకున్నానే గాని, వద్దని మాత్రం అనలేదు.

ఆదివారం పొద్దున, తల్లీ కూతుళ్లు చర్చిలో ఉండే వేళకు వెళ్లాను. ఆమె లేనప్పుడైతే ఓనరు మొహమాటం లేకుండా మాట్లాడతాడని నాకు నేను చెప్పుకున్నాను. స్నేహితురాలి తరఫున మాట్లాడ్డానికి వెళ్లే మనిషి మొగుణ్ణి ఎందుకు వెంటబెట్టుకు వెళ్లిందో, పెళ్లికి కట్టే చీర ఎందుకు కట్టిందో, దానికి మాత్రం ఏమీ చెప్పుకోలేదు.

ఓనరు జిన్నింగు మిల్లులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన భార్య మంచం మీద కాళ్లు చాపుకుని, చేటలో ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను పై వాటా టీచరుతో పనిచేస్తానని వాళ్లకు తెలుసు. ఎక్కడివాళ్లమో మాత్రం అంతకుముందెప్పుడూ అడగలేదు.

"కూర్చోమ్మా. మీ పుట్టిల్లు ఎక్కడ?" అందావిడ.

చెప్పాను.

"ఇంటిపేరు?"

అదీ చెప్పాను. ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టేసింది. మా ఊరి పక్క ఊళ్లోనే ఆవిడ మేనత్తను ఇచ్చారట. అయిదు నిమిషాల్లో నేను ఆవిడకు అమ్మాయినైపోయాను, ఆవిడ నాకు పిన్నిగారైపోయింది. వద్దంటున్నా వినకుండా సున్నుండలు పెట్టించింది.

"పైన టీచరు ఇల్లు అడుగుతోందంట కదండీ" అన్నాను. ఎంతో కష్టం మీద నోట్లోంచి వచ్చిన మాట అది.

ఓనరు గొంతు తగ్గించాడు. పైన ఎవరూ లేరని తెలిసి కూడా తగ్గించాడు.

"మనిషి మంచిదేనమ్మా. అద్దె ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు. ఉండటానికి మాకేం అభ్యంతరం లేదు. అమ్మడమంటే వేరు కదా. రేపు పక్కింటోళ్లు, ఏమయ్యా ఎవరికి అమ్మి పోయావయ్యా అంటే ఏం చెప్పను? అందుకే బోర్డు పెట్టట్లేదు. బోర్డు పెడితే ఎవరైనా రావచ్చు, కాదంటే గొడవ. మనవాళ్లెవరైనా ఉంటే చెప్పమ్మాయ్."

అప్పుడు నేను చెప్పాల్సిన మాటలు నాకు వచ్చు. ఆమె నా బదులు నెలరోజులు పాఠం చెప్పిందని చెప్పచ్చు. ఆమెకంటే మంచి పొరుగు మీ పక్కింటివాళ్లకు దొరకదని చెప్పచ్చు. ఇలా అడగడం తప్పు బాబాయిగారూ అనచ్చు. ఏళ్ల తరబడి పిల్లలకు తెలుగు చెబుతున్నదాన్ని, ఒక్క వాక్యం పెగల్లేదు. సున్నుండ కొరికి, నోరు నిండుగా ఉన్నట్టు తల వంచుకున్నాను.

"మేమూ చూస్తున్నాం బాబాయిగారూ" అన్నాడు మా ఆయన.

ధర దగ్గర పెద్దగా బేరం జరగలేదు. మనవాళ్లు కదా అని వాళ్లే కొంత తగ్గించారు. మా ఆయన చొక్కా జేబులోంచి చెక్కుబుక్కు తీసి బయానాకు రాశాడు. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు దాన్ని ఆ జేబులో పెట్టింది నేను.

గేటు దాటుతుంటే వీధి మలుపులో తెల్లచీర కనపడింది. తల్లిని నడిపించుకుంటూ ఆమె వస్తోంది. మేం అటువైపు తిరక్కుండా రెండో సందులోంచి వెళ్లిపోయాం.

మర్నాడు ఆటోలో నాకు సీటు పట్టి ఉంచింది.

"మాట్లాడావా? నిన్న వచ్చావని కింద అమ్మగారు చెప్పారు. ఏమన్నారు?"

"ఇంకా ఏం తేల్చుకోలేదట" అన్నాను.

ఆ అబద్ధాన్ని రెండు వారాలు మోశాను. ఆ రెండు వారాల్లో ఆమె లోను కోసం మూడుసార్లు సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్లింది. జీతం కాగితాలు జిరాక్సు తీయించుకుంటూ, "వంటింటి కిటికీ పెద్దది చేయించాలి, అమ్మకు వెలుతురు చాలట్లేదు" అంది. నేను ఆ కాగితాలు వరసలో సర్ది పిన్ను కొట్టి ఇచ్చాను. చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. ముందు రిజిస్ట్రేషన్ కానివ్వు అని మా ఆయన అనేవాడు. ఆయన మాట వెనకాల దాక్కోవడం నాకు హాయిగానే ఉండేది.

చివరికి ఓనరే చెప్పాడు. ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూంలో ఇద్దరమే ఉన్నాం. ఆమె క్యారియరు మూత తీయలేదు.

"ఇల్లు కొన్నది నువ్వని చెప్పారు" అంది.

నేను ఏదేదో మాట్లాడాను. వాళ్లు ఎలాగూ నీకు ఇవ్వరన్నాను. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లకు పోయేదన్నాను. మా ఆయన తొందరపడ్డాడన్నాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నది. తప్పు లెక్క చేసిన పిల్లవాడు తన లెక్క ఎందుకు ఒప్పో చెబుతుంటే కూడా ఆమె అలాగే చివరిదాకా వినేది.

"ముందే చెప్పాల్సింది. అన్నిసార్లు బ్యాంకుకి తిరిగేదాన్ని కాదు" అంది. క్యారియరు దగ్గరికి లాక్కుని, "మేం ఎప్పటికి ఖాళీ చెయ్యాలి?" అంది.

"ఖాళీ ఎందుకు? మీరు పైనే ఉండండి. ఎన్నాళ్లైనా ఉండండి."

ఆమె నావైపు చూసింది. కోపం ఉంటే తట్టుకునేదాన్ని. నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"అద్దె నీకివ్వాలా?" అని అడిగి, క్యారియరు తీసుకుని క్లాసుకు వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా ఖాళీ చేశారు. సామాను దించే రోజున సాయం చేద్దామని వెళ్లాను. ఆమె తల్లికి విషయం తెలియదో, తెలిసీ పైకి అనలేదో, "మంచి ఇల్లమ్మా, చల్లగా ఉంటారు" అని నా తల నిమిరింది. ఆ చేతికింద నిలబడలేక, నీళ్లు తెస్తానని కిందికి వచ్చేశాను. ఆ ఎండాకాలం బదిలీల్లో ఆమె సొంత ప్రాంతం కోరుకుని వెళ్లిపోయింది. మిగిలిన సర్వీసంతా ఆటోలో నా పక్క సీట్లో ఎవరు దొరికితే వాళ్లే కూర్చున్నారు.

మేం ఇంట్లో చేరాక పై వాటా కొన్నాళ్లు ఖాళీగా ఉంది. ఒక సాయంత్రం ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న అమ్మాయి అద్దెకు చూడ్డానికొచ్చింది. గదులన్నీ చూపించాను, నీళ్లు ఏ వేళ వదులుతామో చెప్పాను. మెట్లు దిగుతూ, ఏమీ ఆలోచించకుండా, "ఇంటిపేరేంటమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి ఒక మెట్టు మీద ఆగింది. పేరు చెప్పింది. "ఇంట్లో అడిగి చెప్తానండీ" అని చెప్పులేసుకుని వెళ్లింది. మళ్లీ రాలేదు. నేను అడ్డు చెప్పేదాన్ని కాదు. కాని ఆ సంగతి ఆ పిల్లకెలా తెలుస్తుంది? నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. అప్పటిదాకా నా తప్పు ఒక ఆదివారం పూట జరిగిన తప్పనుకున్నాను. అది నాలో కాపురం పెట్టి ఉందని ఆ రోజు తెలిసింది.

నేను రిటైరయ్యాక, మాతో పనిచేసిన హెడ్మాస్టరుగారికి పొదిలిలో సన్మానం చేస్తూ పాతవాళ్లందరినీ పిలిచారు. ఆమె వస్తుందని తెలిసే వెళ్లాను. జుట్టు బాగా నెరిసింది. పలకరిస్తుందో లేదో అనుకున్నాను గాని తనే లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. దర్శిలో చిన్న స్థలం కొని ఇల్లు కట్టుకుందట. తల్లి ఆ ఇంట్లో ఏడాదిన్నర ఉండి పోయిందట.

"నన్ను క్షమించు" అన్నాను. ఎన్నో ఏళ్లుగా దాచుకున్న మాట, తీరా అంటే చాలా చిన్నగా ఉంది.

ఆమె వేదిక మీద దండల హడావిడి చూస్తూ, "ఒక్కటి చెప్పు. ఆ రోజు వాళ్లతో నా గురించి ఏమన్నావు?" అంది.

అబద్ధం చెప్పేందుకు వీలుంది. ఓనరు దంపతులిద్దరూ అప్పటికే లేరు.

"ఏమీ అనలేదు" అన్నాను.

"చెడ్డగా ఏమైనా చెప్పావేమోనని చాలాకాలం అనుకున్నాను" అంది. "ఏమీ అనలేదా!"

అది ఊరట పడిన గొంతో, ఇంకా ఎక్కువ నొచ్చుకున్న గొంతో నాకు తెలియలేదు. ఎవరో భోజనాలకు పిలిచారు. ఆమె లేచి వాళ్ల స్కూలు టీచర్లతో వెళ్లి కూర్చుంది. నేను వేరే బంతిలో తిని, గుంటూరు బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వరండాలో ఉన్నాడు.

"కలిసిందా?"

"కలిసింది."

"ఏమంది?"

"ఇల్లు కట్టుకుందట" అన్నాను. ఆయన, "పోనీలే, మంచిదే" అని పేపరు తిప్పుకున్నాడు.