అత్త మోకాలి ఎత్తు

మట్టల ఆదివారానికి ముందురోజు, శనివారం ఉదయం ఆరుంబావుకు కొమరోలు దగ్గరి మా ఊరి నుంచి బయలుదేరాం. పని చిన్నదే. మా పాత జీపును కాస్త ఎత్తు పెంచి, నిండా బరువు వేసినా కుంగకుండా చేయించుకోవాలి. గమ్యం మార్కాపురం. నేను స్టీరింగు దగ్గర, పక్కన మా ఆయన. మధ్య సీట్లో మా మేనత్త కరుణమ్మ, మరదలు రూతు, మా అమ్మాయి. వెనక మా తమ్ముడు డేవిడ్, వాడి చుట్టూ రెండు నీళ్ల క్యాన్లు, సున్నం బస్తా, వంట గిన్నెలు, స్టవ్వు, టార్పాలిన్, కొవ్వొత్తుల పెట్టె. దారిలో కనిపించినవాళ్లు "పండగ ఇంకా వారముంది గదా, అప్పుడే ఏందీ సామాను?" అని అడిగారు. మెకానిక్ దగ్గరికి అంటే నవ్వారు. నవ్వుకోనీ అనుకుని గేరు వేశాను.

ఇంత సరంజామా ఎందుకో చెప్పాలి. మా మామ సమాధి వాగు అవతలి పల్లెలో ఉంది. అత్తను ఇచ్చిన ఊరు అదే. ఈస్టరుకు ముందు శనివారం అందరం వెళ్లి సమాధికి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, అక్కడే వండుకుని తిని వస్తాం. ఆ నెలలో వాగులో నీళ్లుండవు, రాళ్లుంటాయి. పోయిన ఏడాది అవతలి గట్టు ఎక్కేటప్పుడు జీపు వెనక భాగం రాయికి తగులుకుని ఆగిపోయింది. అందరూ అత్త వైపు చూశారు. ఆమె లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు. డేవిడే అన్నాడు, "అత్తా, నువ్వు జర దిగితే బండి లేస్తాది" అని. ఆమె దిగింది. మండుటెండలో చీర కుచ్చెళ్లు పట్టుకుని ఆ రాళ్ల మీద నడిచింది. మా అమ్మ కూలికి పోయిన రోజుల్లో డేవిడ్‌ను చంకనేసుకుని అదే వాగు దాటించింది కూడా ఆమే. అద్దంలో ఆమె నడక చూస్తూ నేను బండి ఎక్కించాను. ఆ రోజు నోరు మెదపనందుకు ఏడాదంతా నా మీద నాకే కోపం.

పండగ కాగానే డేవిడ్ తన తెలివి చూపించాడు. ఇరుసుకూ కమాన్ కట్టలకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టించి జీపును మూడంగుళాలు లేపాడు. కమాన్ కట్టలంటే చక్రాల మీద బండిని మోసే ఉక్కు పట్టీల దొంతర. దిమ్మలు పెడితే బండి ఎత్తు పెరుగుతుంది గానీ ఆ పట్టీలకు కొత్తగా బలమేమీ రాదు. నిండా ఎక్కితే మళ్లీ వెనక కుంగడమే. పైగా ఇప్పుడు అత్త కాలు మెట్టుకు అందదు. ఈ మార్చిలో ఇంట్లో మాట మొదలైంది: "ఈసారికి అత్త ఇంటికాడ ఉంటే సరిపాయ. మనం పోయి సున్నం కొట్టొస్తాం." అన్నది ఒకరు కాదు, అందరూ ఎంతో కొంత అన్నారు. అత్త మాత్రం "మీ ఇష్టం" అంది. మొగుడి సమాధి దగ్గరికి పోవడానికి ఆమె ఎవరి ఇష్టం అడగాలి?

ఫోన్లు చేశాను. నగరంలో ఒక పెద్ద షాపువాడు, "బండిని నాలుగంగుళాలు లేపే కిట్టు ఉంది మేడం, బండిని డ్రైవరుతో పంపించండి చాలు" అన్నాడు. బండిలో ఎంతమంది ఎక్కుతారో అడగనే లేదు. మార్కాపురంలో లారీలకు కమాన్ కట్టలు కట్టే మస్తాన్ భాయ్‌కి చేస్తే ఆయన మొదట అడిగింది అదే. "మనుషులతో, సామానుతో నిండా రండి అమ్మా. కాటా చీటీ, ఆర్‌సీ తెచ్చుకోండి. ఖాళీ బండికి కమాన్ కట్టేది చెయ్యి చూడకుండా గాజులు కొన్నట్టే." ఫోన్ పెట్టేసి అందరికీ చెప్పేశాను, ఈ శనివారం ఎవరికీ వేరే పని లేదని.

ఏడు గంటలకు గిద్దలూరు. ఊరి చివర వేబ్రిడ్జి దగ్గర మిర్చి లారీ ఒకటి ముందు ఉంది, పది నిమిషాలు ఆగాం. తూకానికి అరవై రూపాయలు. కాటా గుమాస్తా కిటికీలోంచి మా మొహాలు చూసి, "సరుకేంది మేడం?" అన్నాడు.

"మేమే" అన్నాను.

ఆరుగురం లోపలే ఉండగా రెండు వేల నాలుగు వందల ఎనభై కిలోలు. చీటీ చేతికి రాగానే వెనక నుంచి డేవిడ్ గొంతు: "అత్తను దించి ఒకసారి చూద్దాం అక్కా. తేడా తెలుస్తాది."

అత్త కొంగు సర్దుకుంది. "నా బరువు నాకు తెలీదా నాయనా? దానికి మళ్లా కాటా చెప్పాల్నా?" అని తలుపు తీసింది. మూడంగుళాలు పెరిగిన ఎత్తు కదా, దిగడానికి రూతు ఒక చెయ్యి, మా ఆయన ఒక చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. కాటా మీద అంకె రెండు వేల మూడు వందల తొంభైకి దిగింది. లారీ డ్రైవర్లు ఇద్దరు టీ గ్లాసులు పట్టుకుని ఇటే చూస్తున్నారు. అత్త తల దించుకుని నిలబడింది. డేవిడ్ చిన్నగా "తొంభై" అన్నాడు.

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. "అందరూ దిగండి" అన్నాను. "సామాను కూడా దించండి. ఒక్క గరిటె కూడా ఉండకూడదు."

"ఎందుకే ఇదంతా?" అన్నాడు మా ఆయన. నేను దిగి సున్నం బస్తా నేనే లాగాను. ఇక వాళ్లూ కదిలారు. వేబ్రిడ్జి పక్కన టార్పాలిన్, గిన్నెలు, స్టవ్వు వరుసగా పేర్చేసరికి మేం ఊరు ఖాళీ చేసి వలసపోతున్నట్టుంది. డ్రైవరు సీటు కూడా ఖాళీ. మొత్తం ఖాళీ జీపు తూకం పంతొమ్మిది వందల అరవై.

బ్యాగులోంచి ఆర్‌సీ తీశాను. ఖాళీ బండి బరువు దాని మీద రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. పదిహేడు వందల అరవై. గుమాస్తా కూడా కిటికీలోంచి మెడ చాచి చూశాడు. "రెండు వందలు ఎక్కువుందే!"

"డీజిలుకు ముప్ఫై తీసెయ్యి" అన్నాను డేవిడ్‌తో. "మిగతా నూట డెబ్భై ఎవరు?"

జవాబు ఎదురుగా కనబడుతూనే ఉంది. రెండేళ్ల కిందట వాడు ముచ్చటపడి బిగించిన ముందు ఇనుప బంపరు, వెనక ఇంకో బంపరు, నెత్తిన క్యారియరు, రెండో స్టెప్నీ, పాటల పెట్టె. వాగులో రాయికి తగిలి ఆగింది కూడా ఆ వెనక బంపరే. దెబ్బ తగలకుండా బిగించిందే పోయి దెబ్బ తగిలించుకుంది. దిగి నడిచింది మాత్రం అత్త. కాటా గుమాస్తా మూడో తూకానికి డబ్బులు తీసుకోలేదు. "ఇట్లాంటి సరుకు నేనెప్పుడూ తూకం వెయ్యలేదు మేడం" అన్నాడు.

ఎనిమిదికి పక్క హోటల్లో ఇడ్లీ, కారప్పొడి. కొత్తగా వెళ్లేవాళ్లు ఏడున్నర లోపే తినేయండి, తర్వాత చట్నీ పల్చబడుతుంది. అత్త రెండు ఇడ్లీలతో లేవబోతే నేను ఇంకో రెండు వేయించాను. "తిను. తొంభై కిలోలు నీ హక్కు" అన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది. డేవిడ్ దోసె సగంలో వదిలేశాడు.

కంభం చేరేసరికి తొమ్మిదిన్నర. చెరువు కట్ట దగ్గర నీడలో జీపు ఆపి టీ తాగాం. టీ కొట్టు పెద్దాయన మా జీపు చుట్టూ తిరిగి, "గిద్దలూరులో మనుషుల్ని కాటా ఎక్కించింది మీరేనా? ఇందాక మిర్చి లారీ ఆయన చెప్పినాడు" అన్నాడు. మాకన్నా మా సంగతి ముందు చేరింది. అత్త బండిలోంచే, "ఎక్కినాం, దిగినాం కూడా. ఇనుమే దిగలేదు" అని జవాబిచ్చింది. పెద్దాయనకు అర్థమైందో లేదో గానీ ఆమె టీకి డబ్బులు వద్దన్నాడు.

పదిన్నర దాటాక మార్కాపురం. ముందు డేవిడ్ పట్టుబట్టి, బండి లేపే కిట్టు అడగడానికి ఒక విడిభాగాల దుకాణం దగ్గర ఆపించాడు. అక్కడి యజమాని అత్తను చూసి, "పెద్దోళ్లు ఎక్కే బండిని లేపడం ఎందుకు మేడం? ఇది కుర్రోళ్ల షోకు. వీళ్లను బస్సులో పంపించుకోండి" అన్నాడు.

"మా పల్లెకు బస్సు ఎప్పుడు వేయిస్తారు?" అని అడిగాను. ఆయన నవ్వాడు. నేను నవ్వకుండా బండి తిప్పాను.

మస్తాన్ భాయ్ షెడ్డు పలకల ఫ్యాక్టరీలు దాటాక రోడ్డు పక్కన ఉంది. అరవై దాటిన మనిషి, చేతులు ఉక్కు పట్టీల రంగులోనే ఉన్నాయి. కాటా చీటీలు మూడూ చూశాడు, ఆర్‌సీ చూశాడు, డేవిడ్ మొహం చూశాడు. "బంపర్లు ఎవరివి?" అన్నాడు. డేవిడ్ వంగి టైరులో గాలి చూసే పనిలో పడ్డాడు. "సరే, ఎవరివైనా దింపాల్సిందే. కడుపు తగ్గించుకోకుండా నడుంపట్టీ పెద్దది కొంటే ఏం లాభం?"

తర్వాత ఆయన చేసిన పని నేను ఎక్కడా చూడలేదు. స్పానర్ ముట్టుకోకముందు అత్తను పిలిచి, షెడ్డు గోడ దగ్గర నిలబెట్టాడు. గోడకు ఇటుకలు ఒక్కొక్కటే పేరుస్తూ, "దీని మీద కాలు పెట్టు అక్కా. నొప్పి వస్తే చెప్పు" అన్నాడు. మూడు ఇటుకల దాకా ఆమె తేలిగ్గా ఎక్కింది. నాలుగో దానికి మొహం ముడుచుకుంది. మూడు ఇటుకల ఎత్తున సుద్దముక్కతో గోడ మీద గీత గీశాడు. "ఇదీ కొలత. మెట్టు దీన్ని దాటకూడదు. బండి ఎంత లేపాల్నో దీన్ని చూసి లెక్క వేస్తా."

"రాళ్లకు అంతకన్నా ఎక్కువ ఎత్తు కావాల్నేమో భాయ్" అన్నాడు డేవిడ్.

"ఎత్తు కావాల్సింది బండి నిండా ఉన్నప్పుడు నాయనా. ఖాళీగా ఎంత లేస్తే ఏంది? మనుషులు ఎక్కంగానే కూలబడే ఎత్తు ఎత్తు గాదు."

దిమ్మలు తీసేశాడు. వెనక కమాన్ కట్టలు విప్పి, చదునైపోయిన పట్టీలకు మళ్లీ వంపు తీర్చి, ఒక్కో వైపు ఒక్కో కొత్త పట్టీ చేర్చాడు. రెండు చేర్చమని నేనే అడిగాను. ఒప్పుకోలేదు. "ఇద్దరు పోయేటప్పుడు ఎగిరెగిరి నడుములు పట్టేస్తాయి. మీ లెక్కకు ఒకటి చాలు." బంపర్లు, క్యారియరు, రెండో స్టెప్నీ, పాటల పెట్టె షెడ్డు మూలకు చేరాయి. డేవిడ్ కాసేపు బంపరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వాడి ముచ్చటను చూసి నాకు జాలి వేసింది, నిజమే. అయినా అడ్డు చెప్పలేదు. మేం షెడ్డు నీడలోనే స్టవ్వు వెలిగించి అన్నం, పప్పు వండి భాయ్‌కి కూడా పెట్టాం. ఎలాగూ గిన్నెలు వెంటే ఉన్నాయి.

రెండు గంటలకు అందరినీ, సామానునూ ఎక్కించి టేపు పట్టి కొలిచాడు. పని మొదలుపెట్టకముందు నిండా ఉన్నప్పుడు కొలిచినదాని కన్నా వెనక ఒకటిన్నర అంగుళం పైకి ఉంది. ముందూ వెనకా ఒకే మట్టం. అత్త వైపు తలుపు కింద, దారిలో రాళ్లకు తగలకుండా పైకి మడిచే ఇనుప మెట్టు ఒకటి బిగించాడు. దించితే సరిగ్గా గోడ మీది గీత అంతే. అత్త ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కింది. కూలికి, పట్టీలకు, మెట్టుకు కలిపి నగరంవాడు చెప్పినదాంట్లో మూడో వంతు కూడా కాలేదు.

మూడు గంటలకు తిరుగు ప్రయాణం. కంభం, గిద్దలూరు దాటి కొమరోలు వచ్చేసరికి ఐదున్నర. ఇంటివైపు మలుపు దగ్గర నేను తిప్పకుండా నేరుగా పోనిచ్చాను. "ఎక్కడికి పాపా?" అంది అత్త. వాగు వైపని ఆమెకూ తెలుసు. ఇలాంటి పనికి పోయేవాళ్లకు ఈ యాత్ర నుంచి నేను చెప్పగలిగింది ఒక్కటే. బండి ఎంత లేపాలని ఎవర్నీ అడగకండి. ముందు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకోండి, తర్వాత టేపు తీయండి. ఎవరినో దింపితేనే లేచే బండి మనకెందుకు?

ఆరు కావస్తుండగా వాగు. కొండ మీద ఇంకా ఎండ ఉంది. అవతలి గట్టు రాయి మీద పోయిన ఏడాది బంపరు గీరిన గుర్తు తెల్లగా అలాగే ఉంది. అత్త చెయ్యి అలవాటుగా తలుపు పిడి మీదికి పోయింది.

"దిగాల్నా?"

"నువ్వు దిగితే బండి ఇక్కడే ఉంటుంది అత్తా" అన్నాను.

వెనక తలుపు తెరుచుకుంది. దిగింది డేవిడ్. రాళ్ల మీద ముందు నడుస్తూ, వంగి బండి కింద చూస్తూ, చేత్తో ఎడమకు, కుడికి అని దారి చూపించాడు. మొదటి గేరులో మెల్లగా గట్టు ఎక్కించాను. ఏదో ఒకటి గీరుకుంటుందేమోనని చెవి పెట్టి విన్నాను. ఏమీ గీరుకోలేదు. పైకి చేరాక ఆగితే డేవిడ్ వగరుస్తూ వచ్చి అత్త కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. కళ్లు ఆమె వైపు ఎత్తలేదు. "ఆ రోజు అట్ల అనకుండా ఉండాల్సింది అత్తా" అన్నాడు.

అత్త వాడి చెమట పట్టిన తల మీద చెయ్యి వేసింది. సమాధుల దాకా ఇంకో ఫర్లాంగు ఉంది.

"సరేలే రా. ఆ కొసదాకా నడిచే రా, బండికి బరువైతావు" అంది.