ఎవరి తెర వారిది

ఎదురింటి టీచరమ్మ నిద్రలోనే పోయిందని పొద్దున గేటు తీస్తుంటే చెప్పారు. నాకు ముందు వచ్చింది కన్నీళ్లు కాదు, కోపం. గుండె మందులు మానేసి, అడిగినప్పుడల్లా "బానే ఉన్నాను వదినగారూ" అని అబద్ధమాడిన మనిషి మీద ఇంకేం వస్తుంది?

అల్వాల్‌లో మా కాలనీ హాల్లో ఆమె ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పేది. ఎవరో పారేయబోయిన పాత కంప్యూటర్లు తెచ్చి, వాటిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసింది. అందులో డెస్క్‌టాప్, అంటే తెర మీద కనిపించే అమరిక, ఒక్కటే ఉండాలని లేదు. నాలుగైదు రకాలు వేసుకుని, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లేటప్పుడు ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకోవచ్చు. కొత్తగా చేరినవాళ్లు అన్నీ వాడి చూసి, ఒకటి తేల్చుకునేదాకా ఆమె పాఠం మొదలుపెట్టేది కాదు.

"ఏదో ఒకటి నువ్వే పెట్టరాదు వదినె, గింత పరేషాన్ ఎందుకు?" అన్నాను.

"చీరల కొట్లో ఇరవై విప్పిస్తారు, ఒకటీ కొనరు. రోజూ చూసే తెర మాత్రం ఎవరో మడతపెట్టి ఇచ్చింది పుచ్చుకుంటారా?"

నేను కింద పట్టీ, మూల గడియారం ఉన్న సాదా రకం తీసుకున్నాను. బట్టలు కుట్టే మా వెనకింటావిడ పెద్ద పెద్ద బొమ్మలున్నది తీసుకుంది. టీచరమ్మది మాత్రం వట్టి నల్లటి తెర. అన్నీ మీటలతోనే.

"ఇదేంది, దొంగలు వడ్డరా?"

"సామాను లేకపోతే నడవడానికి చోటుంటుంది వదినగారూ."

ఏ మీట ఏం చేస్తుందో మాత్రం చెప్పలేదు. "మీ చీర మీరు కట్టుకోండి" అనేది.

టీచరమ్మ జ్ఞాపకార్థం చర్చిలో ఆదరణ కూడిక జరిగిన రోజు కాలనీ సెక్రటరీ మైకు పట్టుకుని, ప్రతి ఒక్కరి ఇష్టానికీ విలువిచ్చిన తల్లి అని చెప్పాడు. మర్నాడు హాలుకు వెళితే ప్రతి కంప్యూటర్లోనూ ఒకటే డెస్క్‌టాప్. మిగతావి తీసేయించింది ఆ పెద్దమనిషే. వెనకింటావిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నాది పోయింది పెద్దమ్మా, ఏడ నొక్కాల్నో తెలుస్తలేదు" అంది.

"అందరికీ ఒకటే ఉంటే ఈజీ గదమ్మా. చూడనీకి సుత మంచిగుంటది" అన్నాడు సెక్రటరీ.

"మంచిదే బిడ్డా. కాలనీల మగోళ్లందరికీ ఒకటే సైజు చెప్పులు సుత కొందాం. మీ ఇంటి పిల్లగాని కాలు కొలత తీస్కుందాం."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

"నిన్న మైకుల మాట్లాడింది నువ్వే గదా? జెర పక్కకు జరుగు."

తీసేసినవన్నీ మళ్లీ తెచ్చి వేశాను. టీచరమ్మ నేర్పిన పనే. తిట్టుకుంటూ చేసినా పని సరిగ్గానే అయింది. వెనకింటావిడ బొమ్మలు తిరిగొచ్చాయి. అతను వెనకే నిలబడి, "ఆ నల్లది ఎవరికీ వద్దు గదమ్మా, అదన్నా వదిలెయ్" అన్నాడు. వదల్లేదు.

అందరూ వెళ్లాక దాన్నే ఎంచుకుని లోపలికి వెళ్లాను. బొమ్మ లేదు, పట్టీ లేదు. బయటికి రావడానికి ఏ మీటో కూడా నాకు తెలియదు. చెప్పకుండా పోయినందుకు ఇంకో నాలుగు తిట్టాను. తాళం వేసే మనిషి వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఆ నల్లటి తెరలో నా కళ్లద్దాలు, వాటి వెనక గోడవారగా ఆమె కుర్చీ కనిపిస్తూ ఉన్నాయి.