గరగరలో గొంతు

మా చిన్నాయన సూరత్‌లో ఏళ్ల తరబడి మరమగ్గాలు నడిపి, తర్వాత పడవలకు, ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలు బిగించే పనిలోకి మారాడు. ఏంటెనాను అన్నిటికన్నా ఎత్తున నిలబెట్టి, తీగ అతుకులోకి ఉప్పునీరు దిగకుండా టేపు చుట్టేవాడు. చివరికి రేడియోలో గరగరను, దాంతోపాటు సన్నని గొంతులనూ అణిచే మీటను పూర్తిగా వదులు చేసి, కళ్లు మూసుకుని వినేవాడు. అది ఆయన అలవాటు.

గాలి గట్టిగా వీస్తున్న ఒక మధ్యాహ్నం, కొత్త రేడియోను పరీక్షించడానికి ఆయనతోపాటు నేనూ తాపీ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లాను. ఆ గరగర భరించలేక పడవ యజమాని “బంద్ కరో భాయ్” అన్నాడు.

చిన్నాయన చెయ్యెత్తి ఆపి, నావైపు తిరిగాడు. “ఇంటున్నవా బిడ్డా? లోపల మనిషున్నడు.”

నాకేమీ వినిపించలేదు. మగ్గాల మోతలో పక్కవాడి మాట పట్టుకోగలిగిన చెవులు ఆయనవి. బటన్ నొక్కి హిందీలో ఎవరు, ఎక్కడ అని నెమ్మదిగా అడిగాడు, వదిలి విన్నాడు. ఒంటరి జాలరి ఒకడు చిన్న చేతి రేడియోలో పిలుస్తున్నాడు. ఇంజన్ ఆగిపోయింది, పడవలోకి నీళ్లు వస్తున్నాయి.

యజమాని ఆ జాలరి చెప్పిన దిక్కుకు పడవను తిప్పాడు. చిన్నాయన తీర రక్షక దళానికి కబురు చెప్పి, దారిపొడవునా ఆ జాలరిని మాట్లాడించాడు. ఊరేది, పిల్లలెందరు, ఇంకా నీళ్లు తోడుతున్నావా అని అడుగుతూనే ఉన్నాడు. మేం చేరేసరికి అతను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి బకెట్‌తో తోడుతున్నాడు.

అతన్ని మా పడవలోకి లాగాక అడిగాను, “పిల్లల ముచ్చట ఎందుకు తీసినవ్ చిన్నాయనా?”

“ఒక్కన్నే ఉన్ననుకుంటే మనిషికి చేతులు ఆగిపోతయ్ బిడ్డా,” అన్నాడు.