నా కుడిచెయ్యి కోయలేని జామకాయలు

ఐదేండ్ల కిందట నేను చేసిన ఘనకార్యం చెప్తే మీరు పడీ పడీ నవ్వుతారు. మా ఇంటామె మాత్రం ఇప్పటికీ నవ్వదు.

నాది పెనుకొండలో టెంకాయల అంగడి. ఎవురన్నా ఎడం చెయ్యి చాపినారంటే "కుడిచెయ్యప్పా!" అని గద్దిస్తా, ఎమ్మార్వో అయినా సరే. మా పాప లావణ్యకు సెరిబ్రల్ పాల్సీ. పుట్టినప్పట్నించీ ఎడం చెయ్యి పిడికిలి బిగించుకునే ఉండాది. ఏడేండ్లు వచ్చినా తెరుచుకోలేదు. హిందూపురంలో థెరపీ మేడమ్ దగ్గరికి ఇంటామె వారం వారం పిల్చుకపోతాంటే, నాకేమో అనుమానం. ఒకదినం నేనూ బస్సెక్కినా.

ఆడ చూస్తే ఏముంది! గానుగెద్దుకు గంతలు కట్టినట్ల పాప కండ్లకు నల్ల డబ్బా కట్టినారు. కుడిచేతికి లావు గుడ్డ చుట్టినారు.

"ఏం మేడమ్, మంచి చెయ్యి కట్టేసి, రాని చేత్తో ఆడిస్తాండారే?"

"ఇది వీఆర్ అన్నా, కండ్లకు కట్టుకుని ఆడే వీడియో గేమ్. లోపల జామచెట్టు కనపడతాది. ఎడం పిడికిలి విప్పితేనే కాయ తెగేది. కుడిచెయ్యి ఖాళీగా ఉంటే పాప దాన్నే వాడుతుంది."

నమ్మితే కదా! "ముందు నాకు పెట్టండి. మోసమైతే రేపట్నించి పాప రాదు," అన్నా.

పెట్టినారు. ఓరి దేవుడా, నిజంగానే తోట! కాయ కోస్తా, రాదు. ఇంకా గట్టిగా కోస్తా, రాదు.

"మీ డబ్బా చెడిపోయిండాది మేడమ్!"

"ఎడం చెయ్యన్నా, ఎడం చెయ్యి!"

"ఎడం చేత్తోనా? మా ఇంటా వంటా లేదు!"

పైకొమ్మ మీది కాయకు ఎగిరినా. చేతులు కాలినాక లోకమంతా ఆకులు పట్టుకుంటాది, నేను మేడమ్ జడ పట్టుకున్నా. ఆయమ్మ "అయ్యో!" అనింది. నేను స్టూలు మీద, స్టూలు నా మీద.

డబ్బా తీసి, రొప్పుతా "నీళ్లు!" అన్నా. నా ముందరికి ఒక గ్లాసు వచ్చింది, వణుక్కుంటా, సగం ఒలకబోసుకుంటా.

నోరు ఊరుకుంటే కదా! "కుడిచేత్తో ఇయ్యాల!" అని గద్దించినా.

ఎవురూ నవ్వలేదు. ఇంటామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తాంది.

"కుడిచెయ్యి కట్టేసినారు కదా నాయనా," అనింది పాప.

అప్పుడు చూసినా. ఏడేండ్లు తెరుచుకోని ఆ ఐదు వేళ్లే గ్లాసు చుట్టూ ఉండాయి. సిగ్గుతో సచ్చిపోయినా. మిగిలిన గుక్కెడు నీళ్లు ఏడ్చుకుంటా తాగినా.

ఆ దినమే ప్రమాణం చేసినా: నా బిడ్డ ఎడం చేత్తో ఏమిచ్చినా, చెయ్యి ఏదని అడక్కుండా తీసుకుంటానని. మొన్న సెల్లు పెరుక్కున్నానని వీపు మీద ఒకటిచ్చింది. ఎడం చెయ్యే. భలే తగిలింది, సల్లగుండాల!